అంచు లెక్క, లోపలి లెక్క

ఫిబ్రవరి 3

టెన్త్‌కు రివిజన్ మొదలైంది. ఇవాళ మెన్సురేషన్. ఫార్ములాలన్నీ బోర్డు మీద ఒక వరుసలో రాశాను, ఏటా రాసినట్టే.

చివరి బెంచీ నుంచి సహస్ర లేచింది. రాయికోడ్ దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చే పిల్ల. లెక్కలు రావు. భిన్నం కనబడితే పెన్ను కింద పెడుతుంది. సార్, గుండ్రం చుట్టూ దారం పెట్టి కొలిస్తే 22/7 వచ్చింది, సరే, లోపట నింపితే గూడ గదే ఎందుకొస్తది, లోపట దారం లేదు గద అని అడిగింది.

క్లాసు నవ్వింది. మహిధర్, కిరాణా దుకాణం వాళ్ళ కొడుకు, ఏయ్, పరీక్షల ఎందుకని అడగరు, ఎంతని అడుగుతరు అన్నాడు. ఇంకా నవ్వారు.

పుస్తకంలో అట్లా ఉంది, కూర్చో అన్నాను.

ఎన్నో ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. జవాబు నాకు తెలియదని ఇవాళ తెలిసింది.

ఫిబ్రవరి 5

డిగ్రీ పుస్తకం వెతికి తీశాను. ఇంటిగ్రేషన్‌తో నిరూపణ ఉంది. మళ్ళీ మళ్ళీ చదివాను. ప్రతి లైనుకూ తల ఊపుతూ పోతే చివరికి అదే π వస్తుంది. కొలిచి చూసినవాడు అందులో ఒక్కడూ లేడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఊరికి వెళ్ళాను. న్యాల్‌కల్ దాటాక మా ఊరు. తెల్లజొన్నలు కళ్ళంలో రాశి పోసి ఉన్నాయి. ఈసారి అమ్మ మూడు రేకు డ్రమ్ములు తెప్పించింది. మూడూ ఒకటే కొలత, నిలువు గోడలు.

కొలవడానికి సగానికి కోసిన నూనె డబ్బా. అది నాలుగు పలకల డబ్బా. దాన్ని లెక్కగట్టడానికి π అవసరం లేదు. అది చూసే ఈ ఆలోచన వచ్చింది. టేపుతో డబ్బా కొలిచాను, డ్రమ్ము కొలిచాను. పుస్తకం ప్రకారం డ్రమ్ముకు ఇరవై మూడు డబ్బాలు పట్టాలి.

మొదటి డ్రమ్ము అమ్మ నింపింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది, ఎప్పటిలాగే. ఇరవై రెండు అంది. రెండోది నేను నింపాను. ఇరవై రెండు. మూడోది కూడా నేనే, పక్కకు చూడకుండా, ఎవరితో మాట్లాడకుండా. ఇరవై రెండు.

ఒక డబ్బా తక్కువ పట్టిందమ్మా అన్నాను. తక్కువెక్కడిదిరా, అంచుదాక నిండింది గద, ఇంకెంత నింపుతవ్, నెత్తిమీద పోసుకుంటవా అంది.

వెనక్కి లెక్క కట్టాను. ఇరవై రెండే పట్టాలంటే π ఉన్నచోట మూడు ఉండాలి. ఉత్త మూడు. దారంతో డ్రమ్ము చుట్టూ కూడా కొలిచాను. చుట్టుకొలతకు మాత్రం 22/7 సరిగ్గా సరిపోయింది.

అంటే అంచు లెక్క వేరు, లోపలి లెక్క వేరు. ఆ పిల్ల అడిగింది ఇదే.

ఫిబ్రవరి 10

సిలిండర్ 3r²h. కోన్‌లో మూడో వంతు కొట్టుకుపోతుంది, r²h మిగులుతుంది. గోళం 4r³. అర్ధగోళం 2r³. భిన్నం ఒక్కటీ లేదు. ఇంత శుభ్రంగా ఉన్నది తప్పెట్లా అవుతుంది?

ఫిబ్రవరి 12

సహస్ర నాన్న మల్లికార్జున్ స్కూలుకు వచ్చాడు. టవల్ చేతిలో పట్టుకుని నిలబడే మాట్లాడాడు. పాసైతే జహీరాబాద్‌లోనే ఇంటర్ల ఏస్త, దానికి నర్సు కోర్సు చేయాల్నని ఉన్నది, లేకుంటే మాత్రం దాని చిన్నమ్మ బిడ్డ పోయినట్టు పటాన్‌చెరు కంపెనీల ప్యాకింగ్‌కు పోతది, ఆడనే హాస్టలు, బువ్వ గూడ వాళ్ళే పెడ్తరు, ఆడపిల్లను రెండుసార్లు టెన్త్ చదివించే ఓపిక నాకు లేదు సార్ అన్నాడు. కోపం లేదు. ఉన్నమాట చెప్పాడు.

మిగతా సబ్జెక్టులు బాగానే రాస్తుంది. లెక్కలొక్కటే భయం. పిలిచి చెప్పాను. ఆల్జీబ్రా వదిలెయ్. మెన్సురేషన్, స్టాటిస్టిక్స్ పట్టుకో. ఫార్ములా నోటికి వస్తే ఆ మార్కులు నీ చేతిలో ఉన్నట్టే.

మరి నా ప్రశ్న సార్ అంది.

చెప్పాను. డ్రమ్ముల సంగతి అంతా చెప్పాను. గోళం 4r³ అని రాసి చూపిస్తే దాని మొహం చూడాలి. గింతేనా సార్, గింతేనా అని రెండుసార్లు అడిగింది. రఫ్ పేజీ మీద నాలుగు లెక్కలు చకచకా చేసేసింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఒక లెక్క పూర్తిచేయడం నేను చూడలేదు.

ఫిబ్రవరి 17

అమర్నాథ్ ఫిజిక్స్ చెబుతాడు. నాకు స్నేహితుడు. లంచ్‌లో నా మాట విని వాడి టిఫిన్‌లోని జొన్నరొట్టె బయటికి తీశాడు. సన్నని ముక్కలుగా చింపాడు, మధ్య నుంచి అంచుదాకా. ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా పక్కపక్కన పేర్చాడు. చూడు, ఇప్పుడిది గుండ్రంది కాదు, పలక, పొడుగు సగం చుట్టుకొలత, ఎత్తు రేడియస్, ఇంక లోపలికి వేరే నంబర్ ఎక్కడికెళ్ళి వస్తది అన్నాడు.

ముక్కల అంచులు వంకరగానే ఉన్నాయి కదా అన్నాను. ఇంక సన్నగా కోస్తే సాపు అయితది అన్నాడు. ఎంత సన్నగా కోసినా వంకర వంకరే, ఆ వంకరల్లోనే పోయింది నా డబ్బా అన్నాను.

నీ డబ్బా ఎక్కడ పోయిందో నాకు తెల్వదు గాని నా రొట్టె మాత్రం పోయింది, ఇప్పుడు నేనేం తినాలె అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

తర్వాత ఆలోచిస్తే వాడి మాటలో బలం ఉంది. కానీ నేను కళ్ళతో చూశాను. మూడు డ్రమ్ములు.

ఫిబ్రవరి 20

ఊరి నుంచి ఆ నూనె డబ్బా, పక్కింటివాళ్ళ దగ్గరున్న అదే కొలత ఖాళీ డ్రమ్ము ఆటోలో తెప్పించాను. స్కూల్లో గది కడుతున్నారు, ఇసుక కుప్ప ఉంది. టెన్త్ మొత్తాన్ని గ్రౌండ్‌కు తీసుకెళ్ళాను. సహస్రను నింపమన్నాను. ప్రశ్న దానిది, చేయి కూడా దానిదే కావాలి.

చేతులు కడుక్కుని వచ్చింది. మెల్లగా నింపింది. ఇరవై రెండు సార్ అని అరిచింది.

ఇరవై మూడు అన్నాడు మహిధర్. నేను వేళ్ళ మీద లెక్కపెట్టిన సార్ అన్నాడు.

నింపింది నువ్వా, ఆమెనా అన్నాను. ఇరవై మూడే సార్ అన్నాడు మళ్ళీ. దుకాణంలో కూడా ఇట్లనే ఒకటి ఎక్కువ లెక్కపెడతారా అన్నాను. క్లాసంతా పడీపడీ నవ్వింది. పీరియడ్ అయ్యేదాకా వాణ్ణి ఎండలో నిలబెట్టాను.

ఫిబ్రవరి 22

మహిధర్ నాన్న హెడ్‌మాస్టర్ దగ్గరికి వచ్చాడు. నేను ఊహించిందే.

హెడ్‌మాస్టర్ ప్రకాశం సార్ నన్ను కూర్చోమనలేదు. ఏమయ్యా వీరేశ్, లోకమంతా తప్పు, నువ్వొక్కడివే కరెక్టా, రాకెట్లు ఎగురుతున్నయ్ గా లెక్కతోనే, నీ డ్రమ్ము ఎగురుతదా చెప్పు అన్నాడు. క్లర్కు మూతికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. పరీక్షలు అయ్యేదాకా నీ నోట్లకెళ్ళి 22/7 తప్ప ఇంకోటి వస్తే రాజీనామా రాసి నా టేబుల్ మీద పెట్టి పో అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా టెన్త్ క్లాసుకు వెళ్ళాను. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయండి అని చెప్పాను. అక్కడ ఆపాల్సింది. ధైర్యం ఉన్నవాళ్ళు నిజం రాయొచ్చు అన్నాను.

తల ఎత్తి చూసింది ఒక్కరే.

మార్చి 26

లెక్కల పరీక్ష అయింది. సెంటర్ గేటు దగ్గర సహస్ర కనబడింది. మంచిగ రాసిన సార్, మెన్సురేషన్ ఒక్కటి ఇడ్వలె అంది. దాని వెనక మల్లికార్జున్, చేతిలో రెండు చెరుకురసం గ్లాసులు. ఒకటి నాకిచ్చాడు. తను తాగాల్సిన గ్లాసు అది.

ఏ నంబర్ వేశావని అడగలేదు.

మార్చి 27

ఈ రోజు కూడా అడగలేదు. ఫోన్ నంబర్ ఉంది.

ఏప్రిల్ 30

రిజల్ట్స్. మా స్కూల్లో ఫెయిల్ ఒక్కరే. సహస్ర. లెక్కల్లో నాలుగు మార్కులు తక్కువ. తెలుగు, సోషల్ ఫస్ట్ క్లాసు మార్కులు.

ప్రకాశం సార్ స్టాఫ్‌రూమ్‌లో నా వైపు చూడకుండా, చివరి బెంచీ పిల్ల గద, లెక్కల ఎప్పుడూ అంతంతే, ఏం చేస్తం అన్నాడు. ఎవరికీ నామీద అనుమానం లేదు.

సాయంత్రం వాళ్ళ నాన్న ఫోన్ నుంచి సహస్రే చేసింది. ఏడవలేదు. సార్, నేను అన్నిట్ల మూడే వేసిన, కోన్‌ది r²h అని ఫార్ములానే రాసిన, వాళ్ళకు తెల్వక సున్నా ఏసిన్రు కావచ్చు, రీవాల్యుయేషన్ పెడితే మీరు వచ్చి చెప్తరా అని అడిగింది.

నాన్న ఏమన్నాడు అన్నాను. జూన్‌ల సప్లిమెంటరీ ఒక్కటి రాయనిస్త అన్నడు సార్, గదే ఆఖరు, చిన్నమ్మోళ్ళకు గూడ చెప్పి పెట్టిండు అంది.

మే 3

గర్వంగా ఉందని రాస్తే సిగ్గుచేటు. కానీ మొదటి రోజు కొంచెం అదే ఉంది. నలభై మందిలో ఒక్కరు నా మాట నమ్మి రాశారని. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను.

మే 11, ఆదివారం

ఊరికి వెళ్ళాను. జొన్నలకు పురుగు పట్టింది, వచ్చి ఎండకు పోసిపో అని అమ్మ ఫోన్ చేసింది.

మూడు డ్రమ్ములూ ఫిబ్రవరిలో నింపినవి నింపినట్టే ఉన్నాయి. వాకిట్లో పట్టా పరిచి మొదటి డ్రమ్ము ఖాళీ చేయడం మొదలుపెట్టాను. అదే నూనె డబ్బాతో తోడుతున్నాను. ఊరికే లెక్కపెడుతున్నాను, చేతికి తోడుగా. అడుగున మిగిలింది డ్రమ్ము వంచి తీశాను. ఇరవై మూడు.

తప్పు పడ్డానేమో అనుకున్నాను. రెండో డ్రమ్ము. మనసు పెట్టి తోడాను. ఇరవై మూడు.

మూడో డ్రమ్ముకు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. ఇరవై మూడు గీతలు.

జొన్నలు డ్రమ్ములో ఉండి పెరగవు. గీతలు మళ్ళీ లెక్కపెట్టాను. తర్వాత అమ్మను అడిగాను, ఫిబ్రవరిలో నువ్వెన్ని పోశావని. ఇరవై రెండు, నీ ముంగటనే గద అంది. మొదటి డబ్బా నుంచి లెక్కపెట్టావా అన్నాను. అమ్మ నన్ను వింతగా చూసింది. మొదటిది దేవునిది గదరా, దాన్నెవరు లెక్కపెడ్తరు అంది.

మా ఇంట్లో ఏ గిన్నె, ఏ గాదె నింపినా మొదటి కొలత కళ్ళు మూసుకుని పోస్తారు. అది కూడా లోపలికే పోతుంది. అంకె మాత్రం రెండోదాని నుంచే. ఈ చుట్టుపక్కల సాగు చేసే ఇళ్ళల్లో చాలావరకు ఇంతే. తోడేటప్పుడు ఆ పట్టింపు లేదు.

మరి నేను పోసినప్పుడు అన్నాను. నువ్వు గూడ గట్లనే పోసినవ్, కండ్లు మూసుకునే పోసినవ్, మీ నాయిన నేర్పిండు గద, మర్చిపోతవా అంది. మురిసిపోతూ చెప్పింది.

నాకు గుర్తులేదు. ఆ చేయి నాదే. చూసింది నేనే. నాకు గుర్తులేదు.

మే 12

మహిధర్ లెక్క కరెక్ట్.

మే 14

వాళ్ళ దుకాణానికి వెళ్ళాను. మహిధర్ గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏం కావాలె సార్ అన్నాడు. ఉప్పు పాకెట్ అన్నాను. ఇచ్చాడు. ఇంకేమన్న సార్ అన్నాడు. చెప్పాలనే వెళ్ళాను. వాళ్ళ నాన్న లోపల ఉన్నాడు. ఏం లేదన్నాను.

మే 18, ఆదివారం

రాయికోడ్ ఆటోలో వెళ్ళి అక్కడి నుంచి నడిచాను. ఇల్లు చిన్నది. మల్లికార్జున్ చేనుకు పోయాడు. సహస్ర వాళ్ళమ్మ భాగీరథి పీట వేసి నీళ్ళిచ్చింది. సార్ మీరు గింత దూరం వచ్చిన్రా అని చాలాసార్లు అంది. సహస్ర లోపలి నుంచి లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చింది. నేను ట్యూషన్ చెప్పడానికి వచ్చాననుకుంది.

సుత్తి లేకుండా చెప్పాను. నేను తప్పు. పుస్తకం కరెక్ట్. లోపలికి కూడా 22/7 మాత్రమే. జూన్‌లో అట్లాగే రాయి.

చేతిలోని పుస్తకం మూసింది. తర్వాత, హెడ్‌మాస్టర్ సార్ గిట్ల చెప్పి రమ్మన్నడా అంది.

కాదన్నాను. నౌకరి తీసేస్తమన్నరా సార్ అంది. కాదమ్మా, నేనే తప్పు లెక్కపెట్టాను అన్నాను. మీరొక్కరే కాదు గద సార్, స్కూల్ల నేను గూడ లెక్కపెట్టిన, ఇసుక నేనే పోసిన, మహిధర్‌ది తప్పని మీరే నిలబెట్టిన్రు అంది.

మొదటి డబ్బా సంగతి చెప్పాను. నువ్వు కూడా కళ్ళు మూసుకుని పోశావు కదా అన్నాను. ఔను సార్ అంది. అదెందుకు లెక్కలో చేర్చలేదు అన్నాను. అది దేవునిది గద సార్ అంది. మా అమ్మ చూసినట్టే చూసింది.

చూపించకపోతే లాభం లేదనుకున్నాను. వాళ్ళింట్లో చిన్న డ్రమ్ము, ఒక చెక్క కొలత ఉన్నాయి. మూలన సజ్జల కుప్ప. డ్రమ్ము ముందుకు లాగి నేనే మొదలుపెట్టాను. ఒకటి అని గట్టిగా అన్నాను. భాగీరథి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. సారూ, మీరు గూడ మా అసొంటోళ్ళే గద, దేవుని కొలతకు అంకె పెట్టొద్దు, ఇంట్ల గింజ నిల్వదు అంది. లెక్క కోసమమ్మా, ఒక్కసారి అన్నాను. ఏ లెక్కకైనా వద్దు అంది. కొలత నా చేతిలోంచి తీసుకుని, కళ్ళు మూసుకుని, తనే మొదటిది పోసింది. తర్వాత నాకిచ్చి, ఇప్పుడు లెక్కపెట్టుకో అంది.

సహస్ర నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. జాలి పడ్డట్టు ఉంది.

కొలత కింద పెట్టాను. ఎట్లాగైనా కానీ, పరీక్షలో 22/7 రాయి, పాసవ్వాలి, నర్సు కావాలని కదా నీకు అన్నాను. సరే సార్ అని తల ఊపింది. భిన్నాలు గుణించడం నేర్పుతాను, రోజూ వస్తాను అన్నాను. వద్దు సార్, మీరు జర పానం మంచిగ చూసుకోన్రి, బక్కగైన్రు అంది.

మే 20

వెళ్ళాను. చేనుకు పోయిందన్నారు.

మే 22

మళ్ళీ వెళ్ళాను. చిన్నమ్మ వాళ్ళింటికి పోయిందట. గడప దాటి వస్తుంటే మల్లికార్జున్ ఎదురయ్యాడు. సార్, ఒకటి మీకు తెల్వాలె, పిల్ల మీమీద ఒక్క మాట పడనిస్తలేదు, సార్ ఏం నేర్పిండే నీకు అంటే నామీదికే లేస్తది అన్నాడు. కృతజ్ఞతగా అన్నాడో, ఇంకెట్లా అన్నాడో నాకు తెలియలేదు.

అమర్నాథ్‌కు అన్నీ చెప్పాను. వాడు రొట్టె మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

జూన్ 6

సప్లిమెంటరీ లెక్కల పరీక్ష. గేటు బయట నిలబడ్డాను. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు తప్ప ఎవరూ లేరు. ఈసారి మల్లికార్జున్ రాలేదు.

ఒంటిగా బయటికి వచ్చింది. నన్ను చూసి పరుగున వచ్చి క్వశ్చన్ పేపర్ చేతిలో పెట్టింది. గోళం లెక్క ఒకటి, సిలిండర్ మీద అర్ధగోళం లెక్క ఒకటి. పక్కన పెన్సిల్‌తో చేసి ఉన్నాయి. 4r³. 2r³. అంకెలు గుండ్రంగా, కొట్టివేత ఒక్కటి లేకుండా. గుణకారం ఎక్కడా తప్పలేదు.

22/7 రాయమని చెప్పాను కదమ్మా అన్నాను.

చుట్టూ చూసి గొంతు తగ్గించింది. మీకు నౌకరి భయం ఉంటది సార్, నాకేం భయం, మీరు ఫికర్ చేయకున్రి, ఎవరు నేర్పిన్రంటే మీ పేరు చెప్పలె, చెప్ప గూడ అంది.

అక్కడే కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. దాని మొహం చూశాను. బాగా రాశావు అన్నాను.

జూన్ 27

నెట్‌లో చూశాను. మళ్ళీ ఫెయిల్. మార్చి కంటే రెండు మార్కులు ఎక్కువ.

జూలై 1

మల్లికార్జున్‌కు అసలు సంగతి చెబుదామని వెళ్ళాను. తప్పు పిల్లది కాదు, నాది, ఇంకొక్క ఏడాది ఇవ్వండి, ఖర్చు నేను చూసుకుంటాను అని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. సార్, మీరు మంచోళ్ళు, పిల్ల ఫెయిలైతే నెత్తిమీద ఏసుకునే సారును నేను చూడలె అన్నాడు. నమ్మలేదు.

పిల్ల నిన్ననే పటాన్‌చెరు కంపెనీకి పోయిందన్నాడు.

జూలై 14

ఎనిమిదో తరగతికి వృత్తం మొదలుపెట్టాను. బోర్డు మీద 22/7 రాశాను. తుడిచాను. మళ్ళీ రాశాను. పిల్లలు రెండుసార్లూ రాసుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.